నీలం వైరు మేస్త్రీ

మొన్న పొద్దున్న మా కొట్టున్న జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టారు. మా మేస్త్రీ ఫొటో. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఫొటోలోంచి పక్కవాళ్ళని కోసేసి, వెనకాల మేఘాలు పెట్టి, అటూ ఇటూ పావురాల్ని ఎగరేశారు. కింద మెకానిక్కుల సంఘంవాళ్ళ మొహాలు వరసగా, పోయినాయన మొహం కన్నా పెద్ద సైజులో. అన్నిటికీ పైన ఎర్రక్షరాలు: ‘వైరు రంగు చూసి రోగం చెప్పిన మహా మేస్త్రీకి అశ్రునివాళి.’

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామని ఫోన్ తీసి ఫ్లెక్సీని ఫొటో తీశాను. ఫొటోలో ఆ అక్షరాలు ఇంకా ఎర్రగా పడ్డాయి. ఇంకా నవ్వొచ్చింది.

ఎదురుగా టీకొట్టు బాబాయ్ చూడనే చూశాడు. “ఏటమ్మా, బతికున్నన్నాళ్ళూ ఆయనతో తగువే. పోయాక కూడా ఎక్కిరిస్తన్నావేటి?”

“నువ్వు టీ పొయ్యి బాబాయ్” అని కసిరాను. అంతకుమించి చెప్పడానికి లేదు మరి.

ఎందుకంటే మా మేస్త్రీకి ఎరుపు, ఆకుపచ్చ ఒక్కలాగే కనపడేవి. గోధుమరంగు కూడా ఆ గుంపులోనే కలిసిపోయేది. నీలం తెలుసు, పసుపు తెలుసు. మిగిలిన లోకమంతా ఆయనకి రకరకాల మట్టి. పుట్టుకతోనే అంత. అలాంటి మనిషి ఏరికోరి ఆటోలకీ వ్యానులకీ లారీలకీ వైరింగు చేసే పనిలోకొచ్చాడు, పేరు తెచ్చుకున్నాడు, చివరికి వైరు రంగు చూసి రోగం చెప్పాడని ఫ్లెక్సీ కూడా కట్టించుకున్నాడు. ఈ సంగతి ఒక్క డ్రైవరు చెవిన పడినా మర్నాటికల్లా ఫిషింగ్ హార్బరు నుంచి పరవాడ దాకా పాకిపోయేది. ఆ తరవాత సైకిలు డైనమో కూడా ఎవరూ ఆయన చేతికిచ్చేవారు కాదు. జీవితమంతా ఆయన కాపలా కాసింది ఆ ఒక్క సంగతికే. ఆ కాపలా డ్యూటీలో కొంతకాలం నేనూ ఉన్నాను, నన్నెవరూ అడక్కుండానే.

నేను ఆయన దగ్గర చేరడానికి కారణం నా కోపం. ఎలక్ట్రికల్ డిప్లొమా అయ్యాక ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగుకి వెళ్ళేదాన్ని. ఒకరోజు క్లాసులో ఫోన్ చూస్తున్నానని సారు దాన్ని లాక్కున్నాడు. ఆయన చేతిలోంచి నేను మళ్ళీ లాక్కుని బయటికొచ్చేశాను. అక్కడితో బ్యాంకులు నన్ను పోగొట్టుకున్నాయి. మా నాన్న స్కూలు పిల్లల ఆటో నడుపుతాడు. ఆ ఆటో లైట్లు ఎప్పుడు పోయినా ఈ మేస్త్రీయే దిక్కు. “నీకు కోపమెక్కువ, కరెంటంటే బయం లేదు. ఎల్లి ఆయన కాడ కూకో. ఇద్దర్లో ఒకలు మారతారు” అన్నాడు నాన్న.

ఎవరూ మారలేదు.

మొదటిరోజు ఆయన నావైపు చూడలేదు, నా చేతిలో ఫోన్ వైపు చూశాడు.

“అందులో కరెంటు పని నేర్పుతారేటి?”

“నేర్పుతారు. బోలెడు వీడియోలున్నాయి.”

“మరిక్కడికెందుకొచ్చినావు?”

“అందులో షాకు కొట్టదు కదా.”

పాత బ్యాటరీ ఒకటి కాలితో నావైపు తోశాడు. కూర్చోడానికి. మా కొట్లో అదే నియామక పత్రం.

మనిషి పొట్టి. వేసవిలో కూడా పైబొత్తాం దాకా పెట్టుకునే ఖాకీ చొక్కా. చెవి మీద ఎప్పుడూ టెస్ట్ ల్యాంపు. పాత స్కూటరు ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు తగిలించి సొంతంగా చేసుకున్నది. వైరులో కరెంటుంటే వెలుగుతుంది, లేకపోతే లేదు. పెళ్ళికి వెళ్ళినా అది చెవి మీదే ఉండేదట. మొదటి రెండు నిమిషాలు బండి దగ్గరికి వెళ్ళేవాడు కాదు. దూరంగా నిలబడి డ్రైవరుని తిట్టేవాడు. “ఇదేటి బండా, సేపల బుట్టా? ఎర్త్ వైరు మీద ఐసునీల్లు కారతంటే సూత్తా కూకున్నావా?” తిట్లు తినలేని డ్రైవర్లు రెండోసారి వచ్చేవారు కాదు. తినేవాళ్ళు మాత్రం ఇంకెక్కడికీ పోయేవారు కాదు. సగం రోగం తిట్టేటప్పుడే తెలిసిపోద్దని ఆయన సిద్ధాంతం. డ్రైవరు ఎక్కడ మొహం పక్కకి తిప్పుకుంటే అక్కడేదో చేతులు పెట్టి కెలికినట్టు లెక్క.

ఇక నాకు చెప్పిన పాఠాలు. రోజూ ఒకటే పాఠం. తను బండి కింద పడుకుని, ఒక వైరు బయటికి లాగి, “ఒలే గుంటా, ఇదేటి రంగు?” అనేవాడు.

“ఎరుపు.”

“ఇది?”

“ఆకుపచ్చ మీద నల్లగీత.”

“బాగా సూసి సెప్పు.”

“నాకు ఎల్‌కేజీలోనే నేర్పారు మేస్త్రీ!”

“నేర్పితే మంచిదే కదే. సెప్పు మరి.”

వారం రోజులు ఓర్చుకున్నాను. తరవాత అరిచాను. ఆయనా అరిచాడు. నా ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది ఆ రోజే, మళ్ళీ వెనక్కి పోలేదు. చుట్టుపక్కల కొట్లవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకుని కూర్చునేవారు. కొత్తవాళ్ళకి పునాది గట్టిగా ఉండాలని మేస్త్రీ అమ్మాయిచేత రంగులు వల్లె వేయిస్తున్నాడని వాళ్ళ అవగాహన. ఆ ఫ్లెక్సీ మాట అక్కడే పుట్టి ఉంటుంది.

నా జవాబు విన్నాక కూడా ఆయన నమ్మేవాడు కాదు. టెస్ట్ ల్యాంపు పెట్టి వైరు ఆ చివరా ఈ చివరా చూసేవాడు. “రంగు పైన ఉంటాది, కరెంటు లోన ఉంటాది. రంగు కంపినీవోడు ఏసినాడు. ఆడికి ఆ రోజు ఏ వైరు దొరికితే అదే ఏసినాడు” అనేవాడు. ఇది చాలా గొప్ప మాటని నేను కూడా నమ్మి, స్టేటస్‌గా పెట్టాను. మా ఊళ్ళో ఏ బండినీ కంపెనీ తయారుచేసినట్టు ఎవరూ ఉంచరు కాబట్టి ఆ మాట సగం నిజం కూడా. లోపంలోంచి సిద్ధాంతం తయారుచేసుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు.

నీలం వైరు సంగతీ అంతే. ఏ బండిలో వైరు మార్చినా నీలంది వేసేవాడు. రెండోది కావలిస్తే పసుపు. మూడోది కావలిస్తే మళ్ళీ నీలమే, దానికి రెండు ముళ్ళు వేసి. ఇదేం పద్ధతని ఎవరైనా అడిగితే, “మనది సముద్రపూరు. ఉప్పుగాలికి ఎర్రవైరు బేగి కుల్లిపోద్ది. నీలమైతే తట్టుకుంటాది” అని ఎంత ధీమాగా చెప్పేవాడంటే, అడిగినవాళ్ళు తమ ఇళ్ళల్లో వైర్ల గురించి బెంగపెట్టుకునేవారు. చూస్తూండగా చుట్టుపక్కల మెకానిక్కులందరూ నీలం వైరే కొనడం మొదలుపెట్టారు. వైర్లమ్మే కొట్టాయన ఎర్రవైరు చుట్టల్ని అటక మీదికి ఎక్కించేశాడు. ఆయన దగ్గరికి నేనే వెళ్ళి ఎర్రవైరు అడిగితే, “వద్దమ్మా, ఉప్పుగాలి” అని నాకే బోధించాడు. ఈరోజుకీ గాజువాక నుంచి హార్బరు దాకా ఏ పాతబండి డాష్‌బోర్డు విప్పినా లోపల సముద్రంలా నీలంగా ఉంటుంది. తరవాత రిపేరు చేసేవాడి ఖర్మ. ఇప్పుడు ఆ తరవాతవాడు నేనే.

నాకు అనుమానం వచ్చింది మాత్రం టమాటాల దగ్గర. ఒకరోజు కొట్లోంచే ఇంటికి కూరలు పంపమని ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. ఆవిడని నేను పిన్ని అంటాను. టమాటాలట అని చెప్తే మేస్త్రీ కూరల బండి దగ్గరికి వెళ్ళి, సంచీ నిండా కటిక పచ్చికాయలు ఏరి తెచ్చాడు. నేనే ఇంటికి పట్టుకెళ్ళాను.

“ఎవలు కొన్నారే ఇవి? ఆయనా?” అంది పిన్ని సంచీ చూసి. “ఆయనకి టమాటాలు సెప్పకని నీకెవలూ సెప్పలేదేటి? వంకాయలు సెప్పు, తెత్తాడు.” అని నాలుక్కరుచుకుని లోపలికి పోయింది.

సిగ్నళ్ళ దగ్గర కూడా ఒక వింత ఉండేది. ఆయన స్కూటరు ఎప్పుడూ ఇంకో బండి పక్కనే ఆగేది. పక్కవాడు కదిలితే కదిలేవాడు. “సిగ్నల్ని నమ్మకూడదే, మనుసుల్ని నమ్మాలి” అనేవాడు. దీన్ని కూడా స్టేటస్‌గా పెట్టాను.

అసలు సంగతి బయటపెట్టింది చేపల వ్యాను. హార్బరు నుంచి చేపలు తోలే ఒకావిడ ఆ వ్యాను తీసుకొచ్చి, తను పక్కనే బుట్ట మీద కూర్చుంది. మేస్త్రీ కింద పడుకుని నన్ను రంగులడుగుతున్నాడు. ఆవేళ ఎండకి నా తల మండిపోతోంది, ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. “ఇదేటి రంగు?” అన్నాడు ఎర్రవైరు పట్టుకుని. ఒళ్ళు మండి “పచ్చ” అన్నాను. ఎర్రది ఎరుపని గుడ్డివాడికి కూడా తెలుసు కదా, ఈసారైనా తిట్టి ఊరుకుంటాడని.

తిట్టలేదు. “ఊఁ” అని బిగించేశాడు. టెస్ట్ ల్యాంపు నా చేతిలో ఉంది, అడగలేదు. ఆయన నా మాట నమ్మడం అదే మొదటిసారి.

ఆవిడ బండెక్కి బ్రేకు తొక్కింది. హారన్ మోగింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ మోగింది. కాలు తీస్తే ఆగింది.

నేను మేస్త్రీ వైపు చూశాను. మేస్త్రీ నా వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. దొంగ దొరికినప్పటి మొహం నేను సినిమాల్లో తప్ప చూడలేదు, కానీ అదే.

“ఇప్పుడే సరిసేత్తానమ్మా” అన్నాడు ఆవిడతో.

“ఏటి సరిసేత్తావు? ఉండనీ!” అందావిడ. “బ్రేకేత్తే జనం తప్పుకుంటన్నారు కదా. ఇన్నాల్లకి ఒక్క పనైనా తెలివిగా సేసినావు మేస్త్రీ.” అని హారన్ మోగించుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు హార్బరు నుంచి ఇంకో వ్యాను వచ్చి, తనకీ అలాగే కావాలంది.

ఆ మధ్యాహ్నం ఆయనే వెళ్ళి నాకు టీ తెచ్చాడు. అంతకుముందెప్పుడూ లేదు. నేను ఫోన్ ఛార్జింగ్ పెట్టి వెతికితే రంగుచూపు పరీక్ష ఒకటి దొరికింది. చుక్కల బొమ్మ, రంగుచుక్కల మధ్యలో అంకె. రంగులు తెలిసినవాళ్ళకే ఆ అంకె కనపడుతుంది.

“మేస్త్రీ, ఇందులో ఏ నంబరుంది?”

ఫోన్ దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. “ఇదేటి, ముగ్గుల పోటీయా?” అని తిరిగి ఇచ్చేశాడు. ఇస్తూ నా చేతిని ఒక్క క్షణం వదల్లేదు. “ఒలే, నీకు నోరెక్కువ” అన్నాడు. అరవలేదు. అడిగినట్టుగా అన్నాడు.

“నోరెక్కువే. కానీ ఎక్కడ పడితే అక్కడ పారేసుకోను” అన్నాను.

దాని మీద మేమిద్దరం మాట్లాడుకున్నది మొత్తం ఇంతే. తగువులు మాత్రం యథాప్రకారం.

తరవాత కొన్నాళ్ళకి పరవాడ పని వచ్చింది. ఫార్మా కంపెనీలకి ఉద్యోగుల్ని తోలే బస్సుల కాంట్రాక్టరు ఒకాయన, తన బస్సులన్నిటి వైరింగు పనీ ఒకరికే అప్పగిస్తానన్నాడు. అప్పటికి మా కొట్టు పలచబడింది. కొత్తగా వస్తున్న బ్యాటరీ ఆటోలన్నీ నేరుగా కంపెనీవాళ్ళ దగ్గరికే పోతున్నాయి. ఈ పని దొరికితే కొట్టుంటుంది, లేకపోతే తాళమే. మేస్త్రీ ఆరోజు కొత్త ఖాకీ చొక్కా వేసుకుని, దాని మీద అత్తరు కూడా రాసుకున్నాడు. బస్సులకి వాసన తెలుస్తుందనుకున్నాడేమో.

అక్కడ ఒక బస్సు పెట్టి ఉంచారు. నడుస్తూ నడుస్తూ లైట్లన్నీ ఆరిపోతాయి, వాటంతటవే మళ్ళీ వెలుగుతాయి. మేం వెళ్ళేసరికి ఆరిపోయే ఉన్నాయి. నా వయసు సూపర్‌వైజరు ఒకడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. అందులో బస్సు వైరింగు బొమ్మంతా రంగులతో ఉంది.

“ఇంతకుముందు వచ్చినాయన తప్పు వైరు తీసి కంట్రోల్ బాక్సు కాల్చేశాడండి. అందుకని నేను చదువుతాను, మీరు ఆ రంగు వైరే విప్పండి. వేరేది ముట్టుకోవద్దు” అన్నాడు. తరవాత చెవి మీద టెస్ట్ ల్యాంపు చూశాడు. “ఆ బల్బు లోపల అస్సలు పెట్టొద్దండి. బాక్సు పోతుంది.”

వాడు చెప్పింది నిజమే. అదే కష్టం. మేస్త్రీ ఆయుధం తీసి జేబులో పెట్టించేసి, ఆయనకి లేని దాంతో యుద్ధం చెయ్యమన్నారు.

డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్‌లో వీడియో ఆన్ చేశాను.

“ఆకుపచ్చ మీద ఎర్రగీత ఉన్న వైరండి” అన్నాడు సూపర్‌వైజరు.

అక్కడ పక్కపక్కనే మూడున్నాయి. బస్సు గోడవైపు ఆకుపచ్చ మీద ఎర్రగీత, మధ్యలో ఎరుపు మీద ఆకుపచ్చ గీత, ఇటు చివర గోధుమరంగు. నాకు మూడు వైర్లు. ఆయనకి మూడు మట్టిదారాలు. మేస్త్రీ చెయ్యి వాటి ముందు గాల్లో ఆగిపోయింది. వెనకనుంచి మెడ మీద చెమట కనపడుతోంది. కాసేపాగి ఆ చెయ్యి మధ్యలోదాని మీదికి వెళ్ళింది. ఎరుపు మీద ఆకుపచ్చ.

“చెయ్యి తియ్యి మేస్త్రీ!” అని అరిచాను. “వీడియోకి అడ్డమొస్తన్నావు. గోడవైపుది పట్టుకోబోతా మద్దెలోదాని మీద చెయ్యేస్తావేటి? నా ఫ్రేములో నీ బొటనవేలు తప్ప ఏదీ పడట్లేదు!”

డాష్‌బోర్డు కింద నుంచి గర్జన వచ్చింది. “ఏటే, నీ వీడియో కోసం నాను పని సెయ్యాలేటి? గోడవైపుదే కదే నాను తీత్తన్నది! కళ్ళు దొబ్బినాయా?”

చెయ్యి గోడవైపుకి జరిగింది. ఆకుపచ్చ మీద ఎర్రగీత విప్పింది.

“కరెక్టండి” అన్నాడు సూపర్‌వైజరు, నావైపు చిరాగ్గా చూస్తూ. “మీరు కొంచెం మాట్లాడకుండా ఉంటారా?”

“ఆయన సరిగ్గా ఉంటే నేనూ ఉంటాను” అన్నాను.

అలా ఒక్కో వైరుకీ ఒక్కో తగువు. “పైదాన్ని వదిలి కిందది పీక్కుంటావేటి, నా లైటంతా పోతాంది!” అని నేను. “పైదే పట్టుకున్నాను, నీ బాబు సొమ్మేటి లైటు!” అని ఆయన. డ్రైవర్లు ఒకరొకరే దిగివచ్చి బస్సు తలుపు దగ్గర మూగారు. వైర్లన్నీ ఒక్కటీ తప్పకుండా వచ్చాయి. బాక్సు క్షేమం. కానీ రోగం దొరకలేదు. ట్యాబ్‌లో బొమ్మ అయిపోయింది, లైట్లు వెలగలేదు.

అన్నీ తిరిగి బిగించి ఆయన డాష్‌బోర్డు కిందనుంచి బయటికొచ్చి అక్కడే కూర్చున్నాడు. కాంట్రాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు. నాకు ఏం చెయ్యాలో తెలీలేదు. తెలీనప్పుడు నాకు కోపమే వస్తుంది. “ఆ చేతులు చూడు, ఎలా వణుకుతన్నాయో. ముసలాడివైపోయావు మేస్త్రీ, ఇంటికి పద” అనేశాను. ఈ మాటలో నాటకం లేదు.

ఆయనకి తెలిసింది, ఇది నాటకం కాదని. చేతిలో గుడ్డ విసిరికొట్టాడు. నన్నే కొట్టబోయాడు, గురి తప్పి డాష్‌బోర్డు మీదున్న ఇత్తడి దేవుడికి తగిలింది.

లైట్లన్నీ వెలిగాయి.

మేస్త్రీ నెమ్మదిగా లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. మొదటినుంచీ అదే తన పథకమైనట్టు, “ఆఁ, దొరికింది” అన్నాడు.

దేవుడి స్టాండు బిగించుకోడానికి ఆ బస్సు డ్రైవరు వేరే బోల్టు దొరక్క, డాష్‌బోర్డు ఎర్త్ బోల్టునే, అంటే లైట్ల కరెంటు తిరిగెళ్ళే దారినే, విప్పి దానికి తగిలించాడు. రోజూ పూలు పెట్టి, అవి వాడకుండా నీళ్ళు చల్లుతున్నాడు. బోల్టు కింద తెల్లటి పూత పేరుకుపోయింది. బస్సు గతుకుల్లో ఊగితే దేవుడు ఊగుతాడు, దేవుడు ఊగితే ఎర్త్ పోతుంది, లైట్లు ఆరతాయి.

“అంటే దేవుడి వల్ల బస్సాగిందంటావేటి మేస్త్రీ?” అన్నాడు డ్రైవరు, నొచ్చుకుని.

“దేవుడి వల్ల కాదురా. నీ బక్తి వల్ల.”

సూపర్‌వైజరు ట్యాబ్‌లో బొమ్మని పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. దేవుడు అందులో లేడు. పాపం వాడు మంచివాడే. ‘తేమ చేరడం వల్ల ఎర్త్ లోపం’ అని చక్కగా రిపోర్టు రాసి, దాంతో మెప్పు కూడా పొందాడట.

కాంట్రాక్టరు పని ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. “ఆ అమ్మాయిని మాత్రం తీసుకురాకండి. నోరు మరీ ఎక్కువ.”

మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. అంత వినయం ఆయనలో ఎప్పుడూ చూడలేదు. “సార్, ఆ గుంట తిట్టకపోతే నాకు సేతులాడవండి. అలవాటైపోనాది. ఇద్దరం అయితే వత్తాం, లేపోతే లేదండి.”

కొట్టు పోయే చోట, ఆయన బేరం పెట్టింది అది. కాంట్రాక్టరు తల గోక్కుని ఒప్పుకున్నాడు.

స్కూటరు మీద తిరిగొస్తున్నాం. ఆ ‘ముసలాడి’ మాట మా మధ్యలో కూర్చుని ఉంది. కూర్మన్నపాలెం దగ్గర సిగ్నల్ పడింది. పక్కన ఏ బండీ లేదు. సాయంత్రపు ఎండ వెనకనుంచి సూటిగా సిగ్నల్ దీపాల మీద పడి, మూడూ వెలిగినట్టే ఉన్నాయి. మేస్త్రీ అటు చూశాడు, ఇటు చూశాడు. నమ్మడానికి ఒక్క మనిషి లేడు.

“పచ్చ” అన్నాను వెనకనుంచి.

స్కూటరు కదిలింది. ఆ తరవాత ప్రతి సిగ్నల్ దగ్గరా నేను “పచ్చ” అనేదాన్ని. ఆయన కదిలేవాడు. మాకు వేరే క్షమాపణలు పనికిరావు.

ఒకసారి మాత్రం అతితెలివి చూపించాను. రంగు చూపిస్తే పేరు చెప్పే యాప్ ఒకటి ఆయన ఫోన్‌లో వేసి, ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. మర్నాడు వైర్ల కొట్లో, పదిమంది మెకానిక్కుల మధ్య, జేబులోంచి తీసి గుట్టుగా ఒక వైరు వైపు పెట్టాడట. అది ఊరంతా వినపడేలా “రెడ్” అని అరిచింది. కంగారులో ఫోన్ అటు తిప్పితే “గ్రీన్” అంది, కొట్టాయన చొక్కా చూసి “పింక్” అంది. మేస్త్రీ దాని మీద కూర్చున్నాడట. కూర్చున్నాక కూడా లోపలినుంచి “బ్లాక్, బ్లాక్” అంటూనే ఉందట. కొట్టుకొచ్చి నా ఒళ్ళో పడేశాడు. “దీనికి నీకన్నా నోరెక్కువే. తీసియ్.”

ఆసుపత్రిలో చివరిసారి చూశాను. ఛాతీ మీద వైర్లు అంటించి, పక్కన మెషీన్‌కి కలిపారు. నన్ను చూడగానే వేలితో పిలిచాడు. వంగితే, “ఒలే గుంటా, ఇయ్యేటి రంగులు?” అన్నాడు.

“ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు.”

“పసుపు తెలుసులేయే. ఎర్త్ ఏది?”

ఫోన్ తీసి వెతికాను. “నల్లది.”

“ఈల్లు సరిగ్గా ఎట్టినారేటి?”

ఒక్కో వైరూ చూశాను, ఫోన్‌లో బొమ్మతో పోల్చాను. “సరిగ్గానే పెట్టారు.”

“బాగా సూసి సెప్పు.”

ఈసారి ఎల్‌కేజీ మాట ఎత్తలేదు. మళ్ళీ మొదటినుంచి చూసి చెప్పాను.

నిన్న సంతాప సభ. మెకానిక్కుల సంఘం హాల్లో ఫ్లెక్సీలో ఉన్న పెద్ద మొహాలన్నీ పెద్ద కుర్చీల్లో కూర్చున్నాయి. మేస్త్రీ చూపు గురించి, ఎంత చీకట్లోనైనా వైరు రంగు పోల్చే నేర్పు గురించి ఒకరిని మించి ఒకరు చెప్పారు. చివరికి నన్ను లేపారు. ముందు వరసలో పిన్ని కూర్చుని ఉంది. నావైపు చూడకుండా చీరకొంగు చూసుకుంటోంది.

“మేస్త్రీ రోజూ నన్ను వైర్ల రంగులు అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. తప్పు చెప్తే ఏమవుతుందో కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను” అని కూర్చున్నాను. ఒక్క అబద్ధం లేదు. చప్పట్లు కొట్టారు. వైర్లమ్మే కొట్టాయన కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక పిన్నిని నా బండెక్కించుకున్నాను. “అసలు సంగతి రాసెయ్యాలనుంది పిన్నీ. ఆ ఫ్లెక్సీ చూస్తుంటే ఒళ్ళు మండుతోంది” అన్నాను.

“రాసీ. ఇప్పుడెవడొచ్చి పని లాక్కుంటాడు?” అంది. బండి కదిలాక, “నాకూ నవ్వొచ్చినాదే దాన్ని సూత్తే. పక్కన సుట్టాలుంటే ఏడిసినట్టు ముక్కు సీదీసినాను.”

జంక్షన్‌లో సిగ్నల్ దగ్గర ఆగాం. పైన ఫ్లెక్సీలో మేస్త్రీ, పావురాల మధ్య. దీపం మారింది.

“పచ్చ” అన్నాను.

“పచ్చ” అంది వెనకనుంచి పిన్ని, సరిగ్గా అదే క్షణంలో.

ఇద్దరం అలాగే కూర్చున్నాం, బండి కదులుతుందని. నడుపుతున్నది నేనేనని వెనక సిటీ బస్సువాడు హారన్ కొట్టేదాకా గుర్తురాలేదు.